లెక్కల రాని దినం

అర్జీ మొదటిసారి తిరిగొచ్చింది.
"స్థానికంగా అభ్యంతరం ఉన్నది"
ఒక్క వాక్యం, కింద గుండ్రటి ముద్ర.
ఆ అభ్యంతరం పేరు నాకు తెలుసు.
మా గల్లీల మూడో ఇల్లు, రేకు తలుపు,
బుగ్గమ్మ.
ఆమె కొడుకు పేరు కేసు కాయితాల మీద
పదకొండేండ్ల సంది నా పేరు పక్కనే ఉన్నది.

రెండోసారి ఎస్సై పోయి అడిగితే
ఆమె ఏమీ అనలేదట.
అననిదాన్ని "అభ్యంతరం లేదు" అని రాసుకున్నరు.

రైటర్ మొయినుద్దీన్ సాబ్ అద్దాలు తుడుచుకుంట చెప్పిండు:
"పెరోల్ వేరు, ఫర్లో వేరు బిడ్డా.
పెరోల్ మీద పోయిన దినాలు చేబదులు,
వచ్చినంక మళ్ల కట్టాలె.
ఫర్లో నువ్వు మంచిగున్నందుకు.
ఆ దినాలు శిక్షలనే కలుస్తయి.
బయట తిరిగినా లోపలున్నట్టే."

రెండు వారాలు. ఇద్దరు జామీన్‌దార్లు:
చికెన్ సెంటర్ గఫార్ భాయ్, సెంట్రింగ్ పోశెట్టి.
ఊరు దాటొద్దు. తాగొద్దు.
రోజూ ఠాణాల సంతకం.

చర్లపల్లి గేటు దాటి
మూడు బస్సులు ఇడిసిపెట్టిన.
అక్క ఇంట్ల బాత్రూం ముంగట నిలబడి
ఎవరన్న తలుపు తీస్తరేమో అని చూసిన.
పొద్దుగూకంగనే కాళ్లు వాటంతట అవే ముడుచుకునేవి,
లెక్క పెట్టేటోడు వస్తడని.
"ఎవలొస్తున్నర్రా?" అనేది అక్క.

చాదర్‌ఘాట్ ఠాణాల పెన్నును
దారంతోని బల్లకు కట్టేసిండ్రు.
దాని బేడీ నా బేడీ కంటే పొట్టిది.

బుగ్గమ్మ ఇంటి ముంగట్నుంచి పోలే.
ఎనక నాలా గోడ పట్టుకొని
చుట్టు తిరిగి పోయేటోన్ని.

పద్నాలుగో దినం.
అయిదు గొట్టేటాల్లకు గేటు కాడుండాలె.
పొద్దున్నే అక్క అటుకుల పొట్లం కట్టింది.
పదింటికి ఆటోల మైకు:
హిమాయత్‌సాగర్ గేట్లు లేపిండ్రు.
పదకొండుకు నాలా ఎనక్కు నడిచింది.
మోకాలు. నడుం.
అక్క పిల్లగాడు నా మెడ మీద.
సెలవు కాయితం కవర్ల చుట్టి
పిల్లి కూనను పట్టుకున్నట్టు పండ్లతోని పట్టుకున్న.
మూసారంబాగ్ వంతెన బంద్.
చాదర్‌ఘాట్ చిన్న వంతెన బంద్.
ఠాణాల ఒక్క హోంగార్డు:
"సంతకం సంగతి తర్వాత. ముందు ఈ తాడు పట్టు."
పట్టుకున్న.
చీకటయ్యేదాక పట్టుకునే ఉన్న.

రాత్రి సర్కారు బడి, ఆరో తరగతి గది.
బోర్డు మీద ఎవలో సగం చేసి ఇడిసిన భిన్నాలు.
కరెంటు లేదు. ఎవరిదో ఫోను వెలుగుల
రెండు బల్లల అవతల బుగ్గమ్మ
నన్ను చూసింది. చానసేపు చూసింది.

"ఎప్పుడు పోవాలె నువ్వు?"

"నిన్ననే."

తల తిప్పుకున్నది.
తెల్లారి లేచి చూస్తే బల్ల ఖాళీ,
తడి చీర ఆనిన మేర నల్లగ ఒక గీత.
అంతే.
ఇంకేమన్న జరిగిందా అని
అక్క కూడ అడిగింది.

గేటు కాడికి చేరేసరికి నాలుగు.
ఇరవై మూడు గంటలు లేటు.
రెమిషన్ల కోత. వచ్చే ఏడు ఫర్లో లేదు.
జామీన్‌దార్లకు నోటీసు.
గఫార్ భాయ్ కొట్టు మునిగింది కద,
నోటీసు ఏ గోడకు అంటించిండ్రో.

"ఈ ఒక్క దినం శిక్షల కలవదు" అన్నడు మొయినుద్దీన్ సాబ్.
"మరి ఎందుల కలుస్తది సాబ్?"
పెన్ను ఆగింది.
"ఎందుల కలవదు."

ఇప్పుడు బేకరీల రొట్టెలు లెక్కపెట్టుకుంట
దాని గురించే ఆలోచన.
పద్నాలుగు దినాలు ఆకాశం కింద శిక్ష అనుభవించిన.
పదిహేనోది జడ్జిది కాదు, జైలుది కాదు.
భుజం మీద తాడు ఒరుసుకున్న మచ్చ ఇంక మానలే,
ముట్టుకుంటే మండుతది.
అది నాదే అయ్యుండాలె.

ఆ దినం రిజిస్టర్ల
"ఆలస్యానికి కారణం" అని ఒక గడి ఉండె.
ఏం రాయాలె అని అడిగిండు సాబ్.
గడి దిక్కు చూసిన. వేలెడంత లేదు.
"వాన" అన్న.
రెండక్షరాలు. పట్టినయి.